జారే క్లచ్చు, మూడంతస్తుల కేకు

ఫిబ్రవరి మొదటి గురువారం, ఉదయం ఆరు గంటలు. కావలి.

హాజరైనవారు: నేను, అంటే యేసురత్నం, రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసే పని చేసి రిటైరైనవాణ్ణి. నా భార్య సుగుణమ్మ. పక్కింటి రమణయ్య, బస్సు డ్రైవరుగా రిటైరైనవాడు, ఈ ప్రయాణానికి మా సారథి. మా పాత తెల్ల వ్యాను. మూడు అట్టపెట్టెల్లో ఒక కేకు.

కేకు పేరు హాజరు పట్టీలో ఎందుకెక్కిందని అడుగుతారేమో. ఆ మూడు రోజులూ మా ముగ్గురికంటే దానికే ఎక్కువ మర్యాద జరిగింది కాబట్టి.

కావలి

మా బావమరిది ప్రభుదాసు చిట్టమూరు మండలంలో, పులికాట్ సరస్సుకు దగ్గర్లో ఒక పల్లెలో ఉంటాడు. శనివారం పొద్దున అక్కడి చర్చిలో అతని కూతురు గ్రేస్ పెళ్ళి. పెళ్ళి కేకు నెల్లూరు బేకరీలో చెబుదామని అతని భార్య విమల అన్నది. ఆ మాట ఫోనులో వినగానే సుగుణమ్మ మంచం మీద నుంచి లేచి నిలబడింది.

"మేనకోడలి పెళ్ళికి కేకు కొనుక్కొచ్చేదేంది విమలా? మేనత్త బతికే ఉండాది కదా! నేను చేసుకొస్తా. మూడంతస్తులు."

ఆ మూడో అంతస్తు మాట కోపంలో వచ్చిందే గాని ఆలోచించి అన్నది కాదు. కానీ అన్నాక అన్నదే. ఎండుద్రాక్ష, జీడిపప్పు, చెర్రీలు నెల ముందే నారింజ రసంలో నానాయి. కింది రెండు అంతస్తులూ ముందే తయారై పంచదార పూతతో గట్టిపడ్డాయి. అన్నిటికంటే చిన్నదైన పై అంతస్తుకు బుధవారం రాత్రి పూత పూసి, చుట్టూ పంచదార గులాబీలు అంటించింది. మూత తగిలితే గులాబీలు విరుగుతాయని దాని పెట్టెకు మూత పెట్టలేదు. దారంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటానన్నది.

వ్యానుకు కూడా అదే బుధవారం కొత్త క్లచ్చు వేయించాను. మా వీధి చివర మస్తాను మంచి మెకానిక్కు. సాయంత్రానికి పని ముగించి, తాళాలిచ్చి వెళ్ళిపోయాడు. నేను సీట్లో కూర్చుని పెడల్ నొక్కి చూశాను. మొదట ఒక వేలి మందం ఊరికే కిందికి దిగింది, ఆ తర్వాతే పట్టు తగిలింది. ఆ ఊరికే దిగడం నాకు నచ్చలేదు.

మా రోజుల్లో సిగ్నళ్ళు తీగలతో నడిచేవి. క్యాబిన్లో మీట లాగితే, పట్టాల పక్కన పాకుతూ పోయిన తీగ దూరాన సిగ్నల్ చెయ్యిని దించేది. తీగ వదులైతే చెయ్యి సగమే దిగేది, రైలు ఊరి బయటే నిలబడి కూతలు పెట్టేది. ఉద్యోగమంతా నేను వదులును వెతికి బిగించినవాణ్ణి. అందుకని స్పానరు తీసుకుని వ్యాను కిందికి దూరి, క్లచ్ కేబుల్ చివర నట్టును రెండు చుట్లు తిప్పాను. పెడల్ తాకితే చాలు, పట్టు తగిలింది. హాయిగా అనిపించింది. చొక్కా వీపు నిండా నల్ల మరక అయిందని సుగుణమ్మ కేకలేసింది. కేకు పనిలో ఉంది కాబట్టి మరక ఎక్కడిదని అడగలేదు.

కోవూరు దగ్గర టీ కొట్టు

కావలి దాటి హైవే ఎక్కాక గంటసేపు సంబరమే. రమణయ్య పాత హరికథ బాణీలు ఈలలో వేస్తున్నాడు. సుగుణమ్మ వెనక సీట్లో కేకు పట్టుకుని, ఎదురుగా కనబడే ప్రతి స్పీడు బ్రేకరును పేరు పెట్టి తిడుతోంది.

మొదటి ఫ్లైఓవరు మీద అసలు సంగతి బయటపడింది. రమణయ్య యాక్సిలరేటరు తొక్కాడు. ఇంజను గుండెలు బాదుకుంది. బండి మాత్రం తనకేం పట్టనట్టు నింపాదిగా పోతోంది. మా పక్క నుంచి ఒక సైకిలు ముందుకు పోయింది.

"ఏందో మాడతా ఉంది," అన్నది సుగుణమ్మ. ఆ వెంటనే గొంతు మారింది. "ఏమండీ, నా కేకు!"

"వారం కిందట కాల్చిన కేకు ఇప్పుడెట్టా మాడుద్ది వదినా? అది క్లచ్చు వాసన," అన్నాడు రమణయ్య.

కోవూరు దగ్గర టీ కొట్టు కనిపిస్తే ఆపాం. నేను పద్ధతి ప్రకారం పరీక్ష పెట్టాను. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలాలి. క్లచ్చు సరిగ్గా పట్టుకుంటే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోవాలి. మా ఇంజను ఆగలేదు, భోజనం చేసిన పిల్లిలా గురగురమంటూ ఉండిపోయింది. కొత్త క్లచ్చు జారుతోంది. మస్తానుకు ఫోను చేస్తే ఎత్తలేదు.

టీ తాగుతున్న లారీ డ్రైవరొకాయన, తడ వైపు మనిషి, గ్లాసు పట్టుకునే వచ్చి వ్యాను కింద తొంగిచూశాడు. "ప్లేటు మీద ఆయిలు పడుంటాది పెద్దాయనా. దించి తుడవాల."

టీ కొట్టు యజమాని ఒప్పుకోలేదు. "ఆయిలు పడితే కింద కారదా? బండి బరువెక్కువైంది. ఏముండాది లోపల?"

"కేకు," అన్నాను.

"కేకుకే క్లచ్చు జారిందా! అయితే అది నేను కూడా తింటా, రుచి చూపీ."

టీ పదిహేను రూపాయలు, మా కావలి కంటే ఐదు ఎక్కువ. కానీ పాలు చిక్కన, గ్లాసు పొడవు. ఇచ్చుకోవచ్చు.

నా తీర్పు నేను చెప్పాను. కొత్త క్లచ్చు, మంచి మెకానిక్కు, మిగిలింది డ్రైవరు. "రమణయ్యా, నువ్వు క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి తోల్తున్నావు. అందుకే జారుతోంది."

రమణయ్య గ్లాసు కింద పెట్టాడు. మొహం ఎర్రబడింది. "అన్నా, ముప్పై ఏళ్ళు బస్సు తోలినా. నా కాలు మీద ఒక్క కంప్లయింటు లేదు. నా కాలుకు నువ్వు నోటీసిస్తా ఉండావా?"

అక్కణ్ణించి ఈల ఆగిపోయింది.

ఇందుకూరుపేట

అసలు లెక్క ప్రకారం ఇక్కడ మధ్యాహ్నం భోజనం చేసి సాగిపోవాలి. సుగుణమ్మ పిన్నమ్మ కూతురు రత్నమ్మ కేకు బల్ల మీద పరచడానికి తెల్ల లేసు గుడ్డ అల్లింది, అది తీసుకోవాలి. నడిచే మనిషి వేగంతో చేరేసరికి పొద్దు వాలింది. ఆ రాత్రికి అక్కడే ఆగిపోయాం.

రత్నమ్మ ఇంటి చుట్టూ రొయ్యల చెరువులే. వాటిలో గాలి చక్రాలు తిరుగుతుంటే వందమంది చాకళ్ళు ఒకేసారి బట్టలు ఉతుకుతున్నట్టు చప్పుడు. పొయ్యి మీద మట్టిచట్టిలో చేపల పులుసు ఉడుకుతోంది. మామిడి పిందెలు వేసింది. ఆ వాసనకు నేను ఆ రోజు పడ్డ కష్టమంతా మర్చిపోయి కంచం ముందు కూర్చున్నాను. రత్నమ్మ కోడిగుడ్డు కూర వడ్డించింది.

"పులుసు?" అన్నాను.

"అది రేపటికి బావా."

"ఉడికింది కదా."

"ఉడికింది, ఊరలేదు. ఈ పూట పులుసు ఈ పూటే తినేది మీ కావలోళ్ళు. మా ఇంట్లో చట్టి ముట్టుకుంటే చెయ్యి ఇరుగుద్ది."

మా ఇంట్లో వండింది వండినట్టే వడ్డిస్తాం, మిగిలితే తప్పు. ఇక్కడ మిగల్చడానికే వండుతారు. నేను గుడ్డు కూరతో తిన్నానే గాని, పడుకునేదాకా నా ముక్కు చట్టి దగ్గరే ఉంది.

శుక్రవారం పొద్దున దోసెల్లో ఆ పులుసు పోసింది. ముక్క నోట్లో పెట్టుకుంటే ముల్లు తప్ప ఏమీ మిగల్లేదు. ఎన్ని దోసెలు తిన్నానో ఇక్కడ రాయను, రమణయ్యకు తెలుసు. అతను నాతో మాట్లాడకపోయినా వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.

బయలుదేరే ముందు రమణయ్య వ్యానుకు నిమ్మకాయలు దిగదీసి చక్రాల కింద పెట్టాడు. రత్నమ్మ బానెట్టు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఇద్దరి పనీ అయ్యేదాకా సుగుణమ్మ కేకుతో సహా వరండాలో నిలబడింది. "రెండు వైపులా చెప్పుకున్నాం. ఇంక దాని దయ," అన్నది.

ఉప్పుటేటి వంతెన

ముత్తుకూరు దాటాక, కోట వైపు పోయే దారిలో ఉప్పుటేరు మీద చిన్న వంతెన వచ్చింది. దానికి ముందు తిన్నటి, ఖాళీ రోడ్డు. ఉన్నట్టుండి రమణయ్య ఎడమ కాలు చెప్పు విప్పి, కాలు మడిచి సీటు మీద పెట్టుకున్నాడు. చాప మీద భోజనానికి కూర్చున్నవాడిలా ఉన్నాడు.

"చూడన్నా, బాగా చూడు. నా కాలు యాడుంది?"

"సీటు మీద."

"క్లచ్చు మీద లేదు కదా?"

"లేదు."

అతను యాక్సిలరేటరు తొక్కాడు. ఇంజను అరిచింది. బండి జారింది. వాసన వచ్చింది. నా తీర్పు ఆ రోడ్డు మీదే చచ్చిపోయింది. నిన్నటి టీ కొట్టు తర్వాత రమణయ్య మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. ఈల కూడా మొదలుపెట్టాడు. ఆ ఈలతోనే వంతెన ఎత్తు మొదలైంది, సగంలో బండి నిలబడిపోయింది. అతను కాలు కిందికి దించి బ్రేకు పట్టాడు.

సరిగ్గా అప్పుడే విమల ఫోను. సుగుణమ్మ స్పీకరులో పెట్టింది.

"వదినా, యాడున్నారు? బేకరీవాళ్ళు పన్నెండు లోపల చెప్తే రేపు పొద్దునకు కేకు ఇస్తారంట. చెప్పేదా?"

టైము పదకొండున్నర. బండి వంతెన మీద అడ్డంగా ఉంది. సుగుణమ్మ ఒళ్ళోని గులాబీల వైపు చూసింది. నెలరోజుల పని, విమలకు ఇచ్చిన మాట. అయినా బేకరీకి చెప్పెయ్యమంటుందనే అనుకున్నాను.

"చెప్పబాకు విమలా. వచ్చేస్తా ఉండాం. కనపడతా ఉండారు మీ ఊరోళ్ళు," అని ఫోను పెట్టేసింది. ఆ ఊరు ఇంకా రెండు మండలాల అవతల ఉంది.

నిజంగా కనబడినవాళ్ళు వేరే. పడవల దగ్గర నుంచి చేపల గంపలతో వస్తున్న ఆడవాళ్ళు ఐదారుగురు ఆటో కోసం వంతెన మొదట్లో నిలబడి ఉన్నారు. వాళ్ళలో అందరికంటే పొడుగ్గా ఉన్న ఒకామె గంప దించి మా దగ్గరకు వచ్చింది. పేరు పోలమ్మ అని తర్వాత తెలిసింది.

"ఏం పెద్దాయనా, బండికి గూడా మోకాళ్ళ నొప్పులా?"

"క్లచ్చు జారుతోందమ్మా."

"మా పడవ ఇసకలో కూరుకుంటే మేము కూర్చోని దాని జబ్బుకు పేరు పెట్టం, తోస్తాం. నన్ను కోట సంతలో దించుతానంటే తోస్తాము."

"దించుతాం తల్లీ," అన్నది సుగుణమ్మ. ఆ మాట అన్న తర్వాత గంప చూసింది. "గంప మాత్రం పైన."

గంప వ్యాను పైకెక్కింది. ఆడవాళ్ళు కొంగులు బిగించి, పడవ తోసేటప్పుడు పాడే కూతే ఇక్కడా వేశారు. ఐలెస్సా అన్న ప్రతిసారీ బండి ఒక మూర కదిలింది. నేనూ దిగి తోశాను. ఎంత తోశానో గాని, "నువ్వు పక్కకు జరిగితే బరువు తగ్గుద్ది సామీ" అని ఒకామె అన్నది. వంతెన నడుమకు రాగానే నేనూ పోలమ్మా ఎగిరి లోపల పడ్డాం. బండి తనంతట తానే కిందికి పరుగు తీసింది. వెనక చప్పట్లు. పై నుంచి చేపల నీళ్ళు అద్దం మీదికి కారాయి. రమణయ్య వైపర్లు వేశాడు.

"ఎండలో వాన, నక్కకు పెళ్ళి," అన్నాడు.

"గమ్మునుండు రమణయ్యా, నవ్వితే కేకు కదుల్తాది," అని సుగుణమ్మే ముందు నవ్వింది.

అవతల చదును నేల మీద ఆపాం. కాలు కాదు. ఆయిలు కారిన జాడ లేదు. బరువు కాదు. మరేమిటి? నేను ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతుంటే సుగుణమ్మ నా వీపు వైపు చూస్తోంది. వీపు ఆనించి తోసేటప్పుడు మళ్ళీ మురికి అయింది.

"ఏమండీ, బుధవారం సాయంత్రం మీ చొక్కా వీపుకు మరకెట్టా అయింది?"

నేను వంగి చక్రానికి అంటిన బురద తుడవసాగాను.

"వ్యాను కిందికి దూరినారా?"

"దూరాను."

"దూరి?"

"పెడల్ కాస్త వదులుగా ఉంటే..."

"అయిపోయింది!" అని సుగుణమ్మ చెయ్యి నుదుటికి కొట్టుకోబోయి, కేకు గుర్తొచ్చి ఆగింది. "పోలమ్మా, విను. ఈయన మా ఇంట్లో దండెం బిగించినాడు. తడి దుప్పటి వేస్తే తెగి ఎదురింటి గోడ మీద పడింది. నవారు మంచం బిగించినాడు. దాని మీద పడుకుంటే చెక్క మీద పడుకున్నట్టే, మా ఇంటికొచ్చినోళ్ళు చాప అడుగుతారు. ఇప్పుడు క్లచ్చు బిగించినాడు."

వ్యాను పక్కన నిలబడే నాకు మొత్తం అర్థమైంది. ఆ వేలి మందం వదులు మస్తాను మర్చిపోయింది కాదు, కావాలని ఉంచింది. అది లేకపోతే కాలు ఆనించకపోయినా, పెడల్‌ను ఎవరో ఎప్పుడూ కొంచెం నొక్కి ఉంచినట్టే. క్లచ్చు పూర్తిగా పట్టుకోదు, జారుతుంది, మాడుతుంది. రెండు రోజులుగా పెడల్ మీద కాలు ఉన్న మాట నిజమే. ఆ కాలు రమణయ్యది కాదు, నాది.

"ఎన్ని చుట్లన్నా?" అన్నాడు రమణయ్య చాలా మర్యాదగా.

"రెండు."

"రెండు చుట్లు నువ్వు తిప్పి, రెండు రోజులు నా కాలు మీద కేసు నడిపినావు."

"తప్పయింది రమణయ్యా."

"వదినా, విన్నావు కదా? పోలమ్మా, నువ్వు గూడా సాక్షివి."

బండి కాస్త చల్లారాక కిందికి దూరి ఆ రెండు చుట్లూ వెనక్కి తిప్పి, ఇంకాస్త వదిలాను. చేత్తో పెడల్ నొక్కాను. ఒక వేలి మందం ఊరికే దిగింది. హ్యాండ్ బ్రేకు లాగి మూడో గేరులో పరీక్ష పెడితే ఇంజను టక్కున ఆగిపోయింది. నలుగురం అరిచాం. ఇంజను ఆగినందుకు ఎవరైనా అంత సంతోషించడం నేను చూడలేదు.

ఆ సంతోషంలో అందరం ఒక సంగతి మర్చిపోయాం. రెండు రోజులుగా జారే క్లచ్చుతో తోలి, ఇంజనును అరిపించి బండి కదిలించడం రమణయ్య కాళ్ళకు అలవాటైపోయింది. అతను అలాగే తొక్కి, అలాగే వదిలాడు. ఇప్పుడు క్లచ్చు పట్టుకుంది. వ్యాను తాడు తెంచుకున్న లేగదూడలా ఎగిరింది. సుగుణమ్మ ఒళ్ళో పెట్టె అక్కడే ఉంది. అందులోని కేకు మాత్రం లేచింది.

అది గాల్లో ఉన్నంతసేపూ సుగుణమ్మ అరవనేలేదు. పోలమ్మ రెండు చేతులూ చాపి, ఎగిరిన చేపను పట్టినట్టు పట్టేసింది.

"బతికిన చేపలే నా చేతిలో జారవు, ఇదెట్టా జారుద్ది!"

గులాబీలన్నీ క్షేమం. కానీ లోపల ఇంకా మెత్తగా ఉన్న పూత మీద, ఒక పక్కన, పోలమ్మ నాలుగు వేళ్ళూ లోతుగా దిగబడ్డాయి. సుగుణమ్మ కేకును అందుకుని, కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గరకు తీసుకుంది.

"వాసన లేదు," అన్నది.

"ఏట్లో చేతులు కడుక్కోకుండా బండెక్కుతానా తల్లా?" అన్నది పోలమ్మ నొచ్చుకుని. సుగుణమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, రేపు పెళ్ళికి రాకపోతే ఊరుకోనన్నది. కోట సంతలో పోలమ్మ దిగింది. అరమైలు పోయాక వెనక నుంచి ఒక ఆటో హారను కొట్టుకుంటూ వచ్చింది. అందులో పోలమ్మే. "నా గంప!"

చిట్టమూరు దాటి

మధ్యాహ్నం మూడింటికి ప్రభుదాసు ఇల్లు చేరాం. ఎత్తులు, గుంటలు, వంతెనలు, అన్నీ వ్యాను ఎక్కి దిగింది. విమల గుమ్మంలోనే ఉంది. "కేకు వచ్చిందా వదినా?" అన్నది. బాగున్నారా అని కూడా తర్వాతే అడిగింది.

"వచ్చింది. లోపలికి ఎవరూ రాబాకండి," అని సుగుణమ్మ నన్నొక్కణ్ణే వెనక గదిలోకి లాగి తలుపేసింది.

నాలుగు వేళ్ళ గుంటలు పూడ్చడానికి కొత్త పూత పెడితే రంగు తేడా వచ్చింది. గోకి తీసేసి, నడుముకు చేతులు పెట్టుకుని చాలాసేపు చూసింది. అప్పుడు మూడంతస్తుల పక్కలకూ కొత్తగా మెత్తటి పూత పూసి, నా చెయ్యి పట్టుకుని చూసింది. తన వేళ్ళు చిన్నవి. పోలమ్మ గుంటల్లో నా వేళ్ళు సరిపోయాయి.

"చుట్టూ ఇట్టాంటి గుర్తులే వేయండి," అన్నది.

నేను స్కేలు అడిగాను. మొదటి వరస సమానంగా కొలిచి వేశాను. చక్కగా, పట్టాల కింద స్లీపర్లలా వచ్చింది. సుగుణమ్మ అట్లకాడతో మొత్తం తుడిచేసింది.

"కొలవబాకండి. చెయ్యి వదులుగా పెట్టి, ఊరికే వేసుకుంటా పొండి."

అంత కష్టమైన పని నేను ఉద్యోగంలో కూడా చేయలేదు. మూడో వరసకు చెయ్యి దారిలో పడింది.

మర్నాడు పొద్దున

చర్చి పక్క పందిట్లో, రత్నమ్మ లేసు గుడ్డ మీద మూడంతస్తుల కేకు నిలబడింది. చుట్టూ గుంటలు, గట్లు, గుంటలు, గట్లు. విమల దాని చుట్టూ తిరిగి చూసింది.

"వదినా, ఇవి అలలు కదా! మన సరస్సులో గాలి తోలినప్పుడు అచ్చం ఇట్టాగే ఉంటాయి. ఈ డిజైను నెల్లూరు బేకరీవాళ్ళు కూడా చెయ్యలేరు."

"చెయ్యలేరు," అన్నది సుగుణమ్మ. రమణయ్య దగ్గుతూ బయటికి పోయాడు.

గ్రేస్, పెళ్ళికొడుకు కలిసి కేకు కోశారు. అప్పుడే కొత్త చీర కట్టుకుని పోలమ్మ వచ్చింది. జనంలోంచి ముందుకొచ్చి, కేకు చూసి ఆగి, తన కుడిచెయ్యి ఎత్తి చూసుకుని, మళ్ళీ కేకును చూసింది.

"అబ్బా, ఇది నా..." అని నోరు తెరవగానే సుగుణమ్మ ఆ నోట్లో పెద్ద ముక్క పెట్టేసింది. పోలమ్మ నమిలింది. మింగింది. ఏమనబోయిందో మర్చిపోయి, "ఇంకో ముక్క పెట్టు తల్లా," అన్నది.

పెళ్ళికూతురిని, పెళ్ళికొడుకును ఇంటికి తీసుకుపోవడానికి రమణయ్య వ్యాను తెచ్చి గేటు ముందు పెట్టాడు. గేటుకు అడ్డంగా రంగు కాగితాల తోరణం కట్టి ఉంది. నడుమ బాగా కిందికి వేలాడుతోంది, వ్యాను పైకప్పుకు జానెడు ఎత్తులో. కట్టినవాళ్ళు ఒక కొస ఇంకాస్త లాగి ముడివేసి ఉంటే ఎంత తిన్నగా ఉండేదో. ముడి నా చేతికి అందేంత దూరంలోనే ఉంది.

సుగుణమ్మ పందిట్లోంచి నన్నే చూస్తోంది.

నేను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను. రమణయ్య ఈల వేస్తూ, క్లచ్ మెల్లగా వదిలాడు. తోరణం కింది నుంచి వ్యాను కుదుపు లేకుండా వెళ్ళిపోయింది.